ఓవర్‌డ్రైవ్ ప్లగిన్ కందిరీగలా గీపెడుతోంది, టాన్‌హెచ్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గిటార్ శబ్దాన్ని నలిపి గరుకుగా మార్చే ఓవర్‌డ్రైవ్ ప్లగిన్ (కంప్యూటర్‌లో నడిచే ఎఫెక్ట్) రాస్తూ, గిటార్ సిగ్నల్‌ను ముప్పై రెట్లు పెంచి, పెద్ద విలువలను మెల్లగా వంచి ఒక హద్దు దగ్గర ఆపే టాన్‌హెచ్ ఫంక్షన్‌లోంచి పంపి, వచ్చినదాన్ని నేరుగా హెడ్‌ఫోన్‌కు ఇచ్చారు. ఒంటి స్వరం వాయిస్తే డబ్బాలో చిక్కిన కందిరీగలా ఉంది, కార్డ్ వాయిస్తే అంతా బురదగా కలిసిపోతోంది. మీ స్నేహితుడి పాత వాల్వ్ ఆంప్‌లో (గాజు వాక్యూమ్ గొట్టాలతో నడిచే ఆంప్లిఫయర్) అదే గిటార్ నిండుగా పలుకుతోంది, స్వరం మొదట అణిగి తర్వాత విచ్చుకుంటోంది. టాన్‌హెచ్ తీసేసి వేరే సూత్రం పెట్టాలా, లేక న్యూరల్ నెట్‌వర్క్‌కు వెళ్లిపోవాలా అని అడిగారు.

ఇప్పటికైతే రెండూ వద్దు. సూత్రాన్ని అలాగే ఉంచండి. దాని ముందు బేస్ తగ్గించండి, దాని తర్వాత స్పీకర్‌లా పనిచేసే ఫిల్టర్ పెట్టండి, దాని చుట్టూ ఓవర్‌శాంప్లింగ్ (సెకనుకు తీసుకునే శాంపిళ్లను, అంటే సిగ్నల్ కొలతలను, తాత్కాలికంగా పెంచడం) కట్టండి. ఈ మూడింటితోనే మీరు చెప్పిన రెండు జబ్బులూ చాలావరకు నయమవుతాయి. వాల్వ్ ఆంప్‌లో వినిపించే ఆ ఊపిరి మాత్రం నాలుగో విషయం, దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను మొదట గిటార్ పెడల్స్ (కాలితో నొక్కి వాడే ఎఫెక్ట్ పెట్టెలు) కట్టేవాణ్ణి. కోఠీ గుజరాతీ గల్లీలో చిప్పులు, డయోడ్లు కొనుక్కొచ్చి చిల్లుల బోర్డు మీద అతికించేవాణ్ణి. తర్వాత అదే పనిని కోడ్‌లో చేయడం మొదలుపెట్టి మీలాగే సిగ్నల్‌ను నలిపే సూత్రపు వంపు దగ్గర ఆగిపోయాను. టాన్‌హెచ్, ఆర్క్‌టాన్, ఘన బహుపది అని మారుస్తూ రెండు నెలలు గడిపాను. చివరికి ఒకరోజు మూడింటి వెనకా ఒకే స్పీకర్ ఫిల్టర్ పెట్టి, శబ్ద స్థాయి సమానం చేసి, ఏది ఏదో చూడకుండా విన్నాను. గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజు నుంచి వంపు గురించి ఆలోచించడం చివరికి నెట్టేశాను.

ముందుగా స్పీకర్ సంగతి, ఎందుకంటే మీ కందిరీగకు అదే మొదటి మందు. గిటార్ ఆంప్‌లో ఉండే పన్నెండు అంగుళాల స్పీకర్ మన ఇంట్లో పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని శబ్దం నిటారుగా పడిపోతుంది, రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం ఉబ్బుతుంది. క్లిప్ అయిన, అంటే శిఖరాలు నలిగిన సిగ్నల్‌లో పుట్టే హార్మోనిక్‌లు (స్వరం ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు, ఇంకా ఎక్కువ రెట్లు ఉండే పై స్వరాలు) పది, పదిహేను కిలోహెర్ట్జ్ దాకా పాకుతాయి. వాటిని ఆ కాగితపు కోన్ మింగేస్తుంది. మీ హెడ్‌ఫోన్ మింగదు, ఉన్నదున్నట్టు చెవిలో పోస్తుంది. లక్షలు పోసి కొన్న వాల్వ్ ఆంప్ ప్రీఆంప్ నుంచి వైరు లాగి నేరుగా హెడ్‌ఫోన్‌లో విన్నా ఇదే రొద వస్తుంది.

స్పీకర్ మహిమ ఎంతో చెప్పడానికి ఒక చరిత్ర ఉంది. ఫెండర్ కంపెనీ బాస్‌మన్ ఆంప్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్ ఆధారంగానే 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో జేటీఎం45 ఆంప్ తయారైంది. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లలో తేడాలున్నా సర్క్యూట్ చాలావరకు అదే. కానీ బాస్‌మన్‌కు వెనక తెరిచిన పెట్టెలో నాలుగు పది అంగుళాల స్పీకర్లు, మార్షల్‌కు మూసిన పెట్టెలో నాలుగు పన్నెండు అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు. రెండూ రెండు వేర్వేరు సంగీతాలకు గొంతుకలయ్యాయి.

కోడ్‌లో దీనికి ఇంపల్స్ రెస్పాన్స్ వాడతారు. స్పీకర్, మైకు కలిపి ఒక చిటికెకు ఎలా మోగుతాయో రికార్డు చేసిన చిన్న ఫైలు అది. దాన్ని మీ సిగ్నల్‌తో కన్వల్యూషన్ చేయడమే, అంటే మీ ప్రతి శాంపిల్‌కూ ఆ మోగుడును అతికించి అన్నింటినీ కలపడమే. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు, గిటార్ క్యాబినెట్‌కు చాలావరకు సరిపోతుంది. ఫైలు లేకపోతే ఇప్పటికిప్పుడు 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ కోసే లో-పాస్ (పైవాటిని కోసే ఫిల్టర్) ఒకటి, 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (కిందివాటిని కోసేది) ఒకటి, రెండున్నర కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త ఎత్తు పెట్టి వినండి. అయిదు నిమిషాల పని. మీ ప్లగిన్ మొదటిసారి గిటార్‌లా పలుకుతుంది.

ఇక బురద. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఓవర్‌డ్రైవ్ మర్మమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఒక్క స్వరాన్ని క్లిప్ చేస్తే దాని హార్మోనిక్‌లు మాత్రమే పుడతాయి. అవి ఆ స్వరానికి బంధువులే కాబట్టి చెవికి నిండుదనంలా వినిపిస్తాయి. రెండు స్వరాలను కలిపి క్లిప్ చేస్తే ఒకదానితో ఒకటి గుణించుకుని, ఎవరూ వాయించని కొత్త స్వరాలు పుడతాయి. టాన్‌హెచ్ పైకీ కిందికీ ఒకేలా వంగుతుంది కాబట్టి, మొదటి స్వరానికి రెట్టింపులోంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చేలాంటి స్వరాలు బలంగా వస్తాయి. మంద్రంలోని ఏ (A) స్వరం 110 హెర్ట్జ్, దాని పంచమం ఈ (E) సుమారు 165. 220 లోంచి 165 తీస్తే 55. అంటే ఏ (A) కంటే సరిగ్గా ఒక ఆక్టేవ్ కింద. రెండే తీగలు మీటినా పవర్ కార్డ్ (స్వరం, దాని పంచమం మాత్రమే ఉన్న కార్డ్) గోడలు అదిరేలా వినిపించడానికి కారణం ఆ మూడో స్వరమే.

ఇప్పుడు వాటి మధ్య అంతర గాంధారాన్ని, అంటే సీ షార్ప్‌ను కలపండి. గిటార్ ఫ్రెట్ల మీద అది 138.6 హెర్ట్జ్. దాని రెట్టింపు 277.2 లోంచి 164.8 తీస్తే 112.4. ఈ 112.4 వెళ్లి 110 పక్కనే కూర్చుంటుంది. రెండూ కలిసి సెకనుకు రెండు మూడు సార్లు అలల్లా కొట్టుకుంటాయి. అలాంటి జంటలు ఆ కార్డ్‌లో ఇంకెన్నో. అదే మీరు విన్న బురద. శుద్ధంగా శ్రుతి చేసిన గాంధారమైతే 137.5 అవుతుంది, రెట్టింపు 275 లోంచి 165 తీస్తే సరిగ్గా 110. కొట్టుకోవడం ఉండదు. ఫ్రెట్ల మీది గాంధారం శుద్ధ గాంధారం కంటే 14 సెంట్లు (ఒక సెంటు అరస్వరంలో వందో వంతు) ఎక్కువ ఉండటమే ఇక్కడ చిక్కు. పంచమంలో ఆ తేడా 2 సెంట్లే. గట్టి డిస్టార్షన్‌తో వాయించేవారు గాంధారం వదిలేసి పంచమాన్నే పట్టుకోవడం రుచి వల్ల మాత్రమే కాదు, లెక్క కూడా అదే చెబుతుంది.

ఈ లెక్కను సూత్రం మార్చి తప్పించలేరు. కానీ క్లిప్ అయ్యే ముందు కింది ఫ్రీక్వెన్సీలను తగ్గిస్తే బురద సగానికి పైగా పోతుంది. దీనికి నాకు తెలిసిన గొప్ప పాఠం 1970ల చివర వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808 పెడల్. అందులో క్లిప్పింగ్ చేసే ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) దగ్గర 4.7 కిలోఓమ్ రెసిస్టర్, దానికి వరసలో 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. డ్రైవ్ నాబ్ పూర్తిగా తిప్పితే ఆ గీతకు పైన పెంపు 118 రెట్ల దాకా పోతుంది. లావు ఈ (E) తీగ 82 హెర్ట్జ్ దగ్గర మాత్రం పదమూడు రెట్ల దగ్గరే ఆగుతుంది. అంటే పై స్వరాలు గట్టిగా నలుగుతాయి, బేస్ పెద్దగా నలగదు. పైగా ఆ ఆప్‌ఆంప్ కట్టిన తీరు వల్ల క్లిప్ అయిన సిగ్నల్‌కు అసలు సిగ్నల్ ఎప్పుడూ కలిసే బయటికి వస్తుంది. పిక్ తీగను తాకిన ఆ తొలి క్షణం చెరిగిపోకపోవడానికి కారణం అదే. ఆ తర్వాత ఒక కిలోఓమ్, 0.22 మైక్రోఫారడ్ కలిసి 723 హెర్ట్జ్ నుంచి పై భాగాన్ని నెమ్మదిగా దించుతాయి. ముందు వంచినదాన్ని తర్వాత తిరిగి నిలబెట్టడం అన్నమాట.

మీ కోడ్‌లో ఇది పది వరసలు. 720 హెర్ట్జ్ హై-పాస్, పెంపు, టాన్‌హెచ్, దానికి అసలు సిగ్నల్ కలపడం, 723 హెర్ట్జ్ లో-పాస్. ఒక్క సవరణ చెప్పాలి. డయోడ్ల అసలు నడక టాన్‌హెచ్ కాదు. టాన్‌హెచ్ ఒక ఎత్తు దగ్గర పూర్తిగా ఆగిపోతుంది, ఫీడ్‌బ్యాక్‌లోని డయోడ్లు మాత్రం లాగరిథమ్‌లా కొద్ది కొద్దిగా పెరుగుతూనే ఉంటాయి. ఆర్క్ సైన్‌హెచ్ దానికి దగ్గర. ఈ తేడాను వినగలిగే రోజు వస్తే అప్పుడు మార్చండి.

మూడోది ఏలియాసింగ్. ఇది డిజిటల్‌కు మాత్రమే పట్టే జబ్బు. పెడల్‌లో, వాల్వ్‌లో ఇది లేనే లేదు.

మీరు 44,100 శాంపిళ్ల దగ్గర నడుపుతున్నారని రాశారు. అంటే 22,050 హెర్ట్జ్ పైన దేనికీ చోటు లేదు. చోటు లేనిది మాయం కాదు, అద్దంలో పడ్డట్టు మడతపడి కిందికి వస్తుంది. మొదటి తీగ 24వ ఫ్రెట్ 1318.5 హెర్ట్జ్. దాని 17వ హార్మోనిక్ 22,414 దగ్గర గీత దాటి 21,685గా దిగుతుంది. అది వినిపించదు, పోనివ్వండి. 31వది 40,873 కావాల్సింది, 3,226 అయి కూర్చుంటుంది. 33వది 589 హెర్ట్జ్‌కు దిగుతుంది. మీరు వాయించిన స్వరం కంటే కిందికి, దానితో ఏ చుట్టరికమూ లేని చోటికి. స్పీకర్ ఫిల్టర్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే అది అప్పటికే స్పీకర్ పలికే పరిధిలోకి వచ్చేసింది.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. పై ఫ్రెట్లలో ఒక స్వరం వాయించి తీగను నెమ్మదిగా పైకి బెండ్ చేయండి. స్వరం పైకి పోతుంటే వెనక సన్నటి ఈల ఒకటి కిందికి జారుతూ వినిపిస్తే అది ఏలియాసింగే. ఒకసారి ఒక గిటారిస్టు తన రికార్డింగ్‌లో దయ్యం ఉందని ఫైలు పంపారు. పికప్ మార్చారు, వైరు మార్చారు, గదిలో లైట్లు ఆర్పి చూశారు. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ ఎనిమిది రెట్లకు పెట్టగానే ఆ ఈల ఆగిపోయింది.

కాబట్టి క్లిప్ చేసే ముందు శాంపిళ్లను నాలుగు రెట్లు చేయండి, పెంపు ఎక్కువైతే ఎనిమిది. క్లిప్ చేసి, పైనున్నదాన్ని ఫిల్టర్‌తో కోసి, తిరిగి మామూలు రేటుకు దించండి. ఆ ఫిల్టర్ బద్ధకంగా ఉంటే ఎన్ని రెట్లు పెంచినా ప్రయోజనం లేదు. దీనికి తోడు 2016లో పార్కర్, జవాలిషిన్, ల బివిక్ ప్రచురించిన చక్కని ఉపాయం ఒకటుంది. ఒక్కో శాంపిల్‌కు టాన్‌హెచ్ విలువ తీసుకోకుండా, వెనకటి శాంపిల్ నుంచి ఇప్పటి శాంపిల్ దాకా ఆ వంపు సగటును తీసుకుంటారు. టాన్‌హెచ్ సమాకలనం కాష్ (cosh) విలువకు లాగరిథమ్. రెండు శాంపిళ్ల దగ్గర దాని విలువల తేడాను ఆ శాంపిళ్ల తేడాతో భాగించాలి. శాంపిళ్లు మరీ దగ్గరగా ఉంటే భాగహారం చెడిపోతుంది, అప్పుడు వాటి నడిమి విలువకు మామూలు టాన్‌హెచ్ వాడండి. రెండు రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో కలిపి వాడితే నాకు చాలాసార్లు ఇదే సరిపోయింది.

ఇంతవరకు చేస్తే మంచి పెడల్ తయారవుతుంది. వాల్వ్ ఆంప్ ఇంకా కాదు.

టాన్‌హెచ్‌కు జ్ఞాపకం లేదు. ఈ క్షణం వచ్చిన అంకెకు ఈ క్షణమే జవాబు చెబుతుంది, అంతకుముందు ఏం జరిగిందో దానికి పట్టదు. వాల్వ్‌కు పడుతుంది. 12ఏఎక్స్7 లాంటి ట్రయోడ్ వాల్వ్‌లో సిగ్నల్ అందుకునే భాగమైన గ్రిడ్ మీద సిగ్నల్ మరీ పైకి వెళితే గ్రిడ్ కరెంటు లాగుతుంది, ముందున్న కెపాసిటర్‌లో విద్యుదావేశం చేరుతుంది, వాల్వ్ పని చేసే బిందువే పక్కకు జరుగుతుంది. గట్టిగా మీటిన తర్వాత అది తిరిగి తన చోటికి రావడానికి కొంత సమయం పడుతుంది. వాల్వ్ రెక్టిఫయర్ (కరెంటును ఒకే దిశకు మార్చే భాగం) ఉన్న ఆంప్‌లో పెద్ద కార్డ్ కొడితే సరఫరా వోల్టేజీ కూడా కుంగి నెమ్మదిగా లేస్తుంది. మీ స్నేహితుడి ఆంప్‌లో స్వరం మొదట అణిగి తర్వాత విచ్చుకున్నట్టు మీకు అనిపించింది ఇందుకే.

దీనికి పెద్ద గణితం లేకుండా ఒక దారి ఉంది. సిగ్నల్ తీవ్రతను వెంబడించే ఒక నిదానమైన విలువను లెక్కించి, దానిలో కొద్ది భాగాన్ని టాన్‌హెచ్‌కు ముందు కలపండి. గట్టిగా వాయించినప్పుడు వంపు ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు సరి సంఖ్యల హార్మోనిక్‌లు కూడా వస్తాయి, స్వరానికి ఒంపు వస్తుంది. తంబూరాలో తీగ కింద నూలు పోగు జరిపి జీవాళి పట్టిన క్షణం గుర్తుందా? తీగ అదే, శ్రుతి అదే, పోగు చోటు వెంట్రుకవాసి మారితే నాదం తెరుచుకుంటుంది. ఈ ఒరుగుదలను సరిచేసేటప్పుడు నేను ఆ చెవితోనే వింటాను. ఎక్కువైతే తప్పని వెంటనే తెలుస్తుంది.

ఒరిగిన వంపు సిగ్నల్‌లో డీసీ (సున్నా నుంచి పక్కకు జరిగిన స్థిర విలువ) వదిలిపెడుతుంది. తర్వాత 10, 20 హెర్ట్జ్ మధ్య ఒక హై-పాస్ తప్పనిసరి. నేను ఒకసారి మరిచిపోయాను. పాటలో గిటార్ ఆగిన ప్రతి చోటా ఠప్ మని చప్పుడు, కారణం తెలియక రాత్రంతా కూర్చున్నాను.

ఇంకొకటి. వాల్వ్ ఆంప్ ఒక్క చోట గట్టిగా క్లిప్ చేయదు. మూడు నాలుగు దశల్లో కొంచెం కొంచెంగా, ప్రతి దశ మధ్యలో బేస్ కొంత తీసేస్తూ, సిగ్నల్‌ను తలకిందులు చేస్తూ పోతుంది. మార్షల్ జేసీఎం800 2203 ఆంప్‌లో ఒక దశకు క్యాథోడ్ రెసిస్టర్ ఏకంగా 10 కిలోఓమ్. ఆ వాల్వ్ దాదాపు ఆరిపోయే స్థితిలో ఉండి సిగ్నల్‌ను ఒక పక్క మాత్రమే గట్టిగా కోస్తుంది. ఆ ఆంప్ గరుకుదనంలో దానికి పెద్ద వాటా ఉంది. మీరు ముప్పై రెట్లు ఒకేసారి పెంచే బదులు మూడు దశలుగా విడగొట్టి, మధ్యలో ఫిల్టర్లు పెట్టి చూడండి. సర్క్యూట్‌నే సమీకరణాలుగా రాసి ప్రతి శాంపిల్‌కూ పరిష్కరించే పద్ధతి కావాలంటే, 2009లో స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ యే సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం చదవండి. కష్టపడి చదవదగ్గది.

ప్లగిన్ దాకా వచ్చే సిగ్నల్‌ను కూడా ఒకసారి చూసుకోండి. గిటార్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్‌లో వాద్యం గుర్తు ఉన్న ఇన్‌పుట్‌లోనే పెట్టాలి, అది సుమారు ఒక మెగాఓమ్ ఉంటుంది. పది కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ ట్రెబుల్ అక్కడే చచ్చిపోతుంది, తర్వాత ఏ ఫిల్టరూ దాన్ని బతికించలేదు. ఇన్‌పుట్ గెయిన్ ఎంత పెట్టారో కూడా రాసి పెట్టుకోండి. క్లిప్పింగ్ అంతా స్థాయి మీద ఆధారపడిన వ్యవహారం. ఆరు డెసిబెల్స్ తేడా వస్తే అది వేరే ఆంప్.

న్యూరల్ నెట్‌వర్క్ గురించి. నాకు దాని మీద గౌరవం ఉంది. స్టీవెన్ ఆట్కిన్‌సన్ రూపొందించిన ఓపెన్‌సోర్స్ న్యూరల్ ఆంప్ మోడలర్ నేనూ వాడుతున్నాను. ఆంప్‌లోకి ఒక సిగ్నల్ పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డు చేసి, ఆ జంటను నెట్‌వర్క్‌కు నేర్పితే కళ్లు మూసుకుని వింటే తేడా తెలియనంత దగ్గరగా వస్తుంది. కానీ ఇలా నేర్పిన నమూనా, అంటే మామూలు క్యాప్చర్, ఆ ఒక్క నాబ్‌ల స్థితికి తీసిన ఫొటో. గెయిన్ తిప్పితే ఏమవుతుందో దానికి తెలియదు. దానిలోనూ వంపులే ఉన్నాయి కాబట్టి ఏలియాసింగ్ దానికీ ఉంటుంది. అన్నింటికంటే ముఖ్యంగా, మీకు ముందు తెలియాల్సింది ఎందుకు ఇలా వినిపిస్తోందని. దానికి నెట్‌వర్క్ జవాబు చెప్పదు. మీ స్నేహితుడి ఆంప్‌ను అలాగే కావాలనుకుంటే క్యాప్చర్ చేయండి. మీదైన ధ్వని ఒకటి కట్టాలనుకుంటే ఫిల్టర్లు నేర్చుకోండి.

క్యాప్చర్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. వాల్వ్ ఆంప్‌కు స్పీకర్ గానీ, సరైన లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు ఆ శక్తిని మింగే పెట్టె) గానీ తగిలించకుండా ఎప్పుడూ నడపకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. కొలతల కోసం ఆంప్ విప్పాలన్న కోరిక పుడితే, లోపల మూడు వందల నుంచి అయిదు వందల వోల్టులు ఉంటాయని, ప్లగ్ పీకిన తర్వాత కూడా కెపాసిటర్లు ఆ విద్యుదావేశాన్ని పట్టుకునే ఉంటాయని గుర్తుంచుకోండి. ప్రాణం తీసే వోల్టేజీ అది. తెలిసినవారు పక్కన లేకుండా ముట్టుకోవద్దు.

ఈ వారం మీరు చేయాల్సింది స్పీకర్ ఫిల్టర్, 720 హెర్ట్జ్ హై-పాస్, నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్. అదే వరుసలో, ఒక్కోటి చేశాక రికార్డు చేసుకుంటూ. తర్వాత రెండు క్లిప్పులు ఇక్కడ పెట్టండి. ఒకటి ఏ (A) పవర్ కార్డ్ పక్కనే ఏ (A) మేజర్ కార్డ్, రెండోది పై ఫ్రెట్‌లో నెమ్మదైన బెండ్. ఈల ఇంకా మిగిలి ఉంటే మీ డౌన్‌శాంప్లింగ్ ఫిల్టర్ కోడ్ కూడా జత చేయండి, కూర్చుని చూస్తాను.